రాసుకున్నది దొరకాలంటే

ప్రశ్న: పదేళ్లుగా చదివినవీ విన్నవీ నోటుపుస్తకాల్లో, ఫోన్లో రాసుకుంటున్నాను. అవసరం పడినప్పుడు ఒక్కటీ దొరకదు. ఇదంతా వృథాయేనా అండీ?

జవాబు: వృథా కాదండీ. నా దగ్గరా 14 నోటుపుస్తకాలు పోగయ్యాయి, అన్నీ తేదీల వారీగా రాసినవే. కానీ మనకు విషయం గుర్తొచ్చేది తేదీతో కాదు కదా, మరో విషయంతో.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ (1927-98) దాదాపు 90,000 చీటీలు రాసిపెట్టుకున్నారు. ప్రతి చీటీకీ ఒక నంబరు. 21వ చీటీలోని ఆలోచన సాగితే 21/1, దానికి కొమ్మ పుడితే 21/1ఎ. ఎక్కడో దూరాన ఉన్న చీటీతో సంబంధం కనిపిస్తే దాని నంబరు ఇక్కడే వేసేవారు. నన్ను కట్టిపడేసింది ఆ చివరి పనే.

మీరూ చీటీకి ఒక్క ఆలోచనే రాయండి, అదీ మీ సొంత మాటల్లో. శీర్షిక పూర్తి వాక్యంగా ఉండాలి. ‘నిద్ర’ అని పెడితే ఏమీ గుర్తురాదు. ‘సాయంత్రం కునుకు తీస్తే రాత్రి నిద్ర ఆలస్యమవుతుంది’ అంటే ఏళ్ల తర్వాత కూడా అర్థమవుతుంది. ఆపైన, ఇది పాత చీటీల్లో దేన్ని బలపరుస్తోంది, దేన్ని కాదంటోంది అని వెతికి ఆ నంబరు కలపండి. ఈ వెతుకులాటకు పది నిమిషాలు పట్టినా తొందరపడకండి, అసలు నేర్చుకోవడం జరిగేది అక్కడే.

కాగితమా, యాపా అన్నది మీ ఇష్టం. పాత పుస్తకాలన్నీ తిరగరాసే పని మాత్రం పెట్టుకోవద్దు. నేను మొదలుపెట్టి, మూడో పుస్తకం దగ్గరే విసిగి ఆపేశాను. ఇప్పుడు ఏదైనా పని పడి పాత పేజీ తెరిచినప్పుడు, ఆ ఒక్క పేజీలోదే చీటీకి ఎక్కిస్తున్నాను.