టెక్ సందేహాలు: ఇంజిన్ వేడిని సెన్సర్ సరిగ్గా చెబుతోందా?

ప్రశ్న: మా నాన్నగారు 2005లో కొన్న చిన్న పెట్రోల్ కారునే ఇప్పటికీ వాడుతున్నాం. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ సగం లోపే ఉంటుంది. మొన్న విజయవాడ వెళ్తుంటే ట్రాఫిక్‌లో బానెట్ లోంచి ఆవిర్లు వచ్చాయి. అప్పుడు కూడా ముల్లు లేవలేదు! మెకానిక్ సెన్సర్ మార్చేద్దాం అంటున్నాడు. ఫోన్‌కు కలిపే ఓబీడీ పరికరం (కారు కంప్యూటర్ సమాచారం చదివేది) కొన్నాను కానీ కారుకు కనెక్టే కావడం లేదు. సెన్సర్ బాగుందో లేదో ఇంట్లో చూసుకునే దారి ఉందా? - ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంది. కానీ సెన్సర్ జోలికి వెళ్లే ముందు రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎంత ఉందో చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో, పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. అది ప్రెషర్ కుక్కర్ మూత లాంటిదే. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇది ముందు ఎందుకు చెబుతున్నానంటే, సెన్సర్ కొన కూలెంట్‌లో మునిగి ఉంటేనే వేడిని సరిగ్గా పట్టుకుంటుంది. కూలెంట్ తగ్గిపోయి కొన గాలిలో తేలితే ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు కిందే ఉండిపోవచ్చు. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అలాగే ఉంది.

కూలెంట్ నిండుగానే ఉంటే, మీ బండిలో సెన్సర్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. చాలా పాత కార్లలో ముల్లును కదిలించే సెన్సర్ వేరు, ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్‌కి) సమాచారం ఇచ్చేది వేరు. ఒకే వైరు ఉన్నది ముల్లుది, రెండు వైర్లు ఉన్నది ఈసీయూది. కొన్ని మోడళ్లలో రెండూ కలిపి మూడు పిన్నులతో ఒకటే ఉంటుంది. కొన్నింటిలో ఫ్యాన్‌కు రేడియేటర్ దగ్గర ఇంకో స్విచ్ ఉంటుంది. ‘సెన్సర్ మార్చాలి’ అన్నప్పుడు ఏ సెన్సరో అడగండి. ఒంటి వైరు సెన్సర్‌కు ఎర్త్ దాని మర ద్వారానే అందుతుంది. లీకు కాకుండా మర మీద టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ సరిగ్గా అందక ముల్లు తక్కువ చూపిస్తుంది.

ఓబీడీ సంగతి: మన దేశంలో అది బీఎస్-4 కాలుష్య నిబంధనలతో, 2010 నుంచి వచ్చింది. అంతకుముందు బండ్లలో చాలావాటికి ఈ ఫోన్ యాప్‌లు పనిచేయవు. మీ పరికరంలో లోపం ఉండకపోవచ్చు. మీకు కావలసింది కరెంటు కొలతలు చూసే మామూలు మల్టీమీటర్.

రెండు వైర్ల సెన్సర్ లోపల ఉండేది థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్‌లలో కొలుస్తారు) తగ్గుతుంది. ఎక్కువగా వాడే రకాల్లో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 320, 100 దగ్గర 185 ప్రాంతంలో ఉంటుంది. మీ మోడల్‌కు అసలు అంకెలు సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతాయి.

చల్లారిన ఇంజిన్ నుంచి సెన్సర్ విప్పి, మల్టీమీటర్ వైర్లు క్లిప్పులతో తగిలించండి. ముందు గ్లాసులో దంచిన ఐసు నిండా వేసి, కొంచెం నీళ్లు పోసి, కలిపి, కొన ముంచండి. అది 0 డిగ్రీలు. మీటర్‌ను 20కె (20 వేల ఓమ్‌ల) దగ్గర పెడితే 6 వేల ఓమ్‌ల దగ్గర చూపించాలి. తర్వాత మరుగుతున్న నీళ్లలో వేలాడదీయండి. కొన గిన్నె అడుగుకు తగలకూడదు, అడుగు నీళ్లకంటే వేడిగా ఉంటుంది. గుంటూరులో నీళ్లు దాదాపు 100 దగ్గర మరుగుతాయి. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ 98 అనుకోండి. అంకె నిలబడేదాకా ఓ రెండు నిమిషాలు ఆగండి. బోరు నీళ్లు పోసిన బండ్లలో కొనకు సున్నం పట్టి అంకె మెల్లగా కదులుతుంది. కూలెంట్ విషం కాబట్టి ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు.

రెండు చోట్లా అంకెలు సరిపోతే సెన్సర్ మంచిదే. అప్పుడు అనుమానించాల్సింది కనెక్టర్‌ని. నా పాత కారుకు ఒక మెకానిక్ రెండుసార్లు కొత్త సెన్సర్ వేశాడు, ఫ్యాన్ మాత్రం ఆలస్యంగానే తిరిగేది. చివరికి కనెక్టర్ ఊడదీసి టార్చి వేసి చూస్తే, ఒక పిన్ను చుట్టూ పచ్చగా చిలుము! గీకి శుభ్రం చేశాక సమస్య పోయింది.

ఆ చిలుము 100 ఓమ్‌ల నిరోధం కలిపిందనుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 2,500 కాస్తా 2,600 అవుతుంది. అంటే ఒక డిగ్రీ తేడా, ఎవరికీ తెలియదు. అదే ఇంజిన్ 95 డిగ్రీలకు చేరినప్పుడు 210 ఓమ్‌లు 310 అవుతాయి. ఈసీయూ దాన్ని 81 అని చదువుకుంటుంది, ఫ్యాన్ వేయదు. అందుకే పొద్దున చల్లటి ఇంజిన్ మీద మాత్రమే చూసి ‘అంతా బాగుంది’ అనే పరీక్షను నేను నమ్మను. వేడి మీద కూడా చూడాల్సిందే.

ప్రశ్న: కరోనా టైమ్‌లో కొన్న నుదుటి థర్మామీటర్‌తో ఇంజిన్ వేడి కొలవచ్చా? - ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: కుదరదమ్మా. అవి మనిషి జ్వరానికి సరిపడా, సుమారు 32 నుంచి 42 డిగ్రీల మధ్యే చూపిస్తాయి. వర్క్‌షాపుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. అదైనా మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసేది) గూడు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద దగ్గరగా పెట్టి చూడండి. లోపలి కూలెంట్ కంటే పైన లోహం కొన్ని డిగ్రీలు చల్లగా ఉండడం సహజం.

ప్రశ్న: నా 2012 డీజిల్ కారుకు యాప్ కనెక్ట్ అవుతోంది కానీ కూలెంట్ మైనస్ 40 అంటోంది. ఇంజిన్ ఆన్‌లోనే ఉంది! టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఈసీయూ ఈ వేడిని 0 నుంచి 255 వరకు ఒక అంకెగా పంపుతుంది, యాప్ అందులోంచి 40 తీసేసి చూపిస్తుంది. సెన్సర్ వైరు తెగినా, కనెక్టర్ ఊడినా ఆ అంకె 0 అవుతుంది, అదే మీ మైనస్ 40. ఫాల్ట్ కోడ్‌లలో పీ0118 ఉందేమో చూడండి. ఇంజిన్ ఆపి, చల్లారాక, సెన్సర్ కనెక్టర్ గట్టిగా క్లిక్ మనేదాకా నొక్కండి. అప్పటికీ మారకపోతే కనెక్టర్ తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, వైర్ల వైపు వోల్టేజీ చూడండి. దాదాపు 5 వోల్టులు వస్తుంటే వైరింగ్ సరిగ్గానే ఉంది, సెన్సర్ మార్చుకోవచ్చు. రాకపోతే కొత్త సెన్సర్ కొనకండి, వైరు ఎక్కడ తెగిందో వెతికించండి.