మొదటి ముక్క బాగా రాలేదని ఎంబ్రాయిడరీ వదిలేయాలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నూలు, పట్టు దారాలతో ఎంబ్రాయిడరీ చిన్నప్పటి నుంచి అలవాటే. ఈమధ్య మొదటిసారి బంగారు లోహపు దారంతో ఒక ఆకు కుట్టాను. దారం రేకు ఊడింది, గుడ్డ ముడతలు పడింది. దీన్నే కెరీర్‌గా చేసుకుని కోర్సులో చేరదామనుకున్నాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. ఇది నాకు రాదంటారా?

జవాబు: ఆ రెండు లోపాలూ పద్ధతి తెలియక వచ్చినవి. వాటిని చూసి మీ చేతిని తప్పుపట్టుకోకండి. ఈ దారాల్లో చాలావాటికి లోపల నూలు లేదా పట్టు పోగు, దాని చుట్టూ సన్నటి లోహపు రేకు ఉంటాయి. మామూలు దారంలా గుడ్డలోంచి పదేపదే లాగితే రేకు ఊడక తప్పదు. అందుకే దాన్ని గుడ్డ మీదే పరిచి, మైనం పట్టించిన సన్న దారంతో సుమారు 3 మిల్లీమీటర్లకు ఒక అడ్డకుట్టు వేసి పట్టిస్తారు. దీన్ని కౌచింగ్ అంటారు. కొసల్ని మాత్రం చివర్లో పెద్ద కన్నున్న సూదితో కిందికి దింపి వెనక కుట్టేస్తారు. ముడతలు బహుశా ఫ్రేము వదులువల్లే. వేలితో తడితే డప్పులా మోగేంత బిగువు ఉండాలి.

అదే ఆకు మళ్లీ కుట్టండి. ఈసారి అడుగున ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) ముక్క పెట్టి, మధ్యలో పర్ల్ వాడండి. పర్ల్ అంటే చుట్టలు చుట్టిన బోలు తీగ. దాన్ని ముక్కలుగా కత్తిరించి పూసల్లా కుట్టాలి. ముక్క కాస్త పొడవైతే పైకి లేస్తుంది, పొట్టిదైతే సందు కనిపిస్తుంది. సరిపడని ముక్కను ఎవరూ చెప్పకుండానే విప్పి మళ్లీ కోయాలనిపిస్తే, ఈ పనికి కావలసిన గుణం మీలో ఉందని నేను నమ్ముతాను. వేగం తర్వాత వస్తుంది.

ఎన్ని గంటలు పట్టిందో మాత్రం రాసుకోండి, రేపు సంపాదన లెక్క తేలేది దానిమీదే. 1953 పట్టాభిషేకానికి రెండో ఎలిజబెత్ రాణి వస్త్రం మీద బంగారు పని చేయడానికి 12 మందికి మొత్తం 3,500 గంటలు పట్టింది. ఆ పని చేసింది 1872లో బ్రిటన్‌లో మొదలైన ఎంబ్రాయిడరీ శిక్షణ సంస్థ, రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్. అక్కడ ఈ కళ ఇప్పటికీ నేర్పుతున్నారు.

డిగ్రీ మాత్రం పూర్తి చేయండి. ఫ్యాషన్, నాటక దుస్తులు, సైనిక చిహ్నాలు, మతపరమైన వస్త్రాలు, ఇవన్నీ ఈ పనికి దారులే. మ్యూజియంలో పాత వస్త్రాల సంరక్షణ వైపు వెళ్లాలంటే కెమిస్ట్రీ కూడా ఉపయోగపడుతుంది. పెద్ద కోర్సుకు డబ్బు కట్టేముందు రెండు మూడు రోజుల వర్క్‌షాప్ ఒకటి చేయండి. దరఖాస్తుతో పంపే నమూనాల వెనకవైపును ఫోటో తీసి, దాన్ని కూడా జతచేయండి. కొసల్ని ఎంత శుభ్రంగా ముగించారో అక్కడే తెలుస్తుంది.