పార్కులు, వీధులు గీసే చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 బుడమేరు వరద తరువాత, ఇంటర్ ఎంపీసీ చదువుతున్న మా అమ్మాయి ఎండనూ వరదనూ తట్టుకొనే పార్కులు, వీధులు రూపొందించే చదువే చదువుతానంటోంది. కంప్యూటర్ సైన్స్ వద్దనుకుంటే ‘క్లైమేట్ డిజైన్’ అనే కొత్త డిగ్రీలో చేర్చాలా, భవనాల రూపకల్పన నేర్పే బీఆర్క్‌లోనా, నగర ప్రణాళిక నేర్పే బీప్లానింగ్‌లోనా? ఉద్యోగం వస్తుందా? జీతమెంత?

జవాబు: మీరు చదువులను పోల్చి చెప్పమన్నారు గాని, మీ భయం ఒక్కటే: ఎవరూ వినని చదువు చదివి అమ్మాయి ఖాళీగా ఉండిపోతుందేమోనని. ఉండిపోదు. అహ్మదాబాద్ 2013లోనే వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. తెలంగాణ 2023లో ఇంటి కప్పులు ఎండ వేడిని పీల్చుకోకుండా చేసే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. నగరాలు ఈ పనిని ఇక వాయిదా వేయలేవు. బెజవాడలాగే ఉక్కపోతకూ వరదలకూ పేరుపడిన డెల్టా నగరం బ్యాంకాక్‌లో, 2017లో తెరిచిన చులాలాంగ్‌కార్న్ శతాబ్ది ఉద్యానవనంలో 11 ఎకరాల నేలను వాలుగా మలచి, సుమారు 38 లక్షల లీటర్ల నీటిని నిలుపుకొనేలా చేశారు. దాన్ని రూపొందించిన కొచ్చకోర్న్ వొరాఖోమ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్, అంటే పార్కుల వంటి ఆరుబయటి స్థలాలను రూపొందించే నిపుణురాలు. మీ అమ్మాయి కోరుతున్నది ఆ వృత్తినే.

అయితే ‘క్లైమేట్’ అన్న మాట తగిలించుకొని వస్తున్న కొత్త డిగ్రీల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. సిమెంటు కప్పిన నేల నీటిని ఇంకనివ్వదు, పగలు పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతూ ఉంటుంది. కాబట్టి ఎండ, వరద రెండింటికీ జవాబు ఆ నేలలోనే వెతకాలి. నేల వాలు, మట్టి స్వభావం, వాననీటి కాలువ కొలతలు, ఏ చెట్టు ఎంత నీడనిస్తుంది, పార్కు కట్టాక పూడిక ఎవరు తీస్తారు అన్నవి చేత్తో గీసి, స్థలంలో కొలిచి నేర్చుకోవలసినవి. పాఠ్యప్రణాళికలో ఇవి లేకుండా సదస్సులు, నివేదికలే ఉంటే అక్కడ డబ్బు కట్టవద్దు. ఈ పునాది లేకుండా అప్పు చేసి విదేశాల్లో ఏడాది మాస్టర్స్ చేయించడమూ తొందరపాటే.

ఐదేళ్ల బీఆర్క్, ఆపైన ల్యాండ్‌స్కేప్‌లో పీజీ గట్టి దారి. భవనాల కన్నా వార్డులు, భూవినియోగం ఆమెను ఆకర్షిస్తే నాలుగేళ్ల బీప్లానింగ్ మేలు. రెండూ మీ ఊళ్లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనే ఉన్నాయి. తొలి జీతం మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కన్నా తక్కువే ఉండవచ్చు. దానికి ఇప్పుడే సిద్ధపడండి.

ఒక మాట కటువుగానే అంటున్నాను. జీతమెంత అని అడిగిన మీరు, అమ్మాయి బొమ్మలు గీస్తుందా, వీధిలో నీళ్లు నిలిచిన రోజుల్లో ఆమె ఏం గమనించింది అన్నది ఒక్క వాక్యమైనా రాయలేదు. పదిహేడేళ్ల పిల్ల తన పేట కష్టం చూసి చదువు ఎంచుకుంటే, తండ్రి ముందుగా ఆమెనే అడగాలి. అడిగాక, ఆమెను వెంటబెట్టుకొని ఆ కళాశాలకు వెళ్లి, విద్యార్థుల స్టూడియో పనులు చూపించమని కోరండి. అంతవరకు ఎక్కడా సీటుకు అడ్వాన్సు కట్టకండి.