యాప్ తీసేసినా ఆగని ఆటోపే కోతలు: సమాధానం

నమస్కారమండీ. ఒక్క రూపాయి ట్రయల్ చూసి మీ నాన్నగారు చేరిన యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినా నెలనెలా 299 రూపాయలు పోతున్నాయని, ఈ నెల ఏకంగా 499 పోయాయని రాశారు. యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే అనుమతి, అంటే నెలనెలా దానంతటదే డబ్బు తీసుకోవడానికి మనం ఇచ్చిన అనుమతి, రద్దు కాదు, అది బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంటుంది. ఆయన వాడే యూపీఐ యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్లి, ‘ఆటోపే’ విభాగంలో ఆ కంపెనీ పేరు ఎంచుకుని, అనుమతిని రద్దు చేసి పిన్ కొట్టండి. దీనికి కంపెనీ ఒప్పుకోవలసిన పని లేదు.

రద్దు చేసే ముందు ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. మా అమ్మగారి ఫోన్‌లో ఇలాంటి అనుమతి తెర చూసినప్పుడు, ఒక్క రూపాయి అంకె పెద్దగానూ, దాని కింద ‘గరిష్ఠం 1,500’ అన్న మాట లేత బూడిద రంగులోనూ ఉన్నాయి. మనం పిన్ కొట్టి ఒప్పుకునేది ఆ గరిష్ఠ మొత్తానికి కాబట్టే, ధర పెంచినా మళ్లీ అడగకుండా లాగేస్తారు. పింఛను డబ్బుతో ఇల్లు గడుపుకునే పెద్దవారి దగ్గర ఇలా చేయడం నిజంగా అన్యాయం.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలి. సందేశాలు వెతికి చూడండి. 2023 నవంబరు 30న కేంద్రం నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో చందా ఉచ్చు, అంటే చేరడం తేలికగా, మానుకోవడం కష్టంగా ఉంచడం కూడా ఉంది. ముందు కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, స్పందించకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.