ఆర్‌సీసీబీ పడిపోతుంటే గీజర్‌ను తిట్టకండి, న్యూట్రల్‌ను వెతకండి

గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్) పడిపోతోందనీ, దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తానని ఎలక్ట్రీషియన్ అంటున్నాడనీ రాశారు. ఒప్పుకోకండి. ఆ మాట అన్న మనిషిని మళ్లీ పిలవకండి కూడా.

మీ గీజర్ బాగానే ఉండి ఉంటుంది. రాజమహేంద్రవరంలో మా అమ్మగారింట్లో అచ్చం ఇదే జరిగింది. కార్తీక మాసం, పైగా తుపాను వానలు. తెల్లవారుజామున తలస్నానానికని అమ్మ గీజర్ వేయడం, ఇల్లంతా చీకటైపోవడం. వచ్చిన ఎలక్ట్రీషియన్ బోరునీళ్ల ఉప్పుకు ఎలిమెంట్ పోయిందని తేల్చి, కొత్తది బిగించి డబ్బు తీసుకెళ్లాడు. మర్నాడు మళ్లీ అదే. ఈసారి ఆర్‌సీసీబీయే పాడైందనీ, తీసేస్తే పీడా వదులుతుందనీ అన్నాడు. నేను అడ్డుపడ్డాను. గీజర్ ప్లగ్గు పూర్తిగా పీకించి, హాల్లో ఇస్త్రీపెట్టె పెట్టి చూశాను. టక్కున పడిపోయింది. పక్కింటివాళ్ల ఇస్త్రీపెట్టె తెచ్చి పెట్టినా పడిపోయింది. ఇక గీజర్‌ను ఏమని అంటాం?

ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా, లేదా? ఇళ్లలో వాడే 30 మిల్లీ ఆంపియర్ల రకానికి ఆ తేడా 15 దాటాక ఎప్పుడైనా పడిపోయే వీలుంది, 30కి చేరితే పడి తీరాలి. ఎక్కడో న్యూట్రల్ తీగ ఎర్త్‌ను తాకుతోందనుకోండి. తిరిగొచ్చే కరెంటులో కొంత ఎర్త్ దారి పడుతుంది. బల్బులు, ఫ్యాన్లు మాత్రమే నడుస్తున్నప్పుడు ఆ వాటా చాలా తక్కువ. 2000 వాట్ల గీజర్ వేయగానే అది పెరుగుతుంది, నింద గీజర్ మీద పడుతుంది. ఎంసీబీలు (లోడు మించితే ఆ లైను ఆపే స్విచ్‌లు) ఒక్కొక్కటే దించి వెతికినా దొరకదు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ను మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది.

చివరికి మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ కొలిచే పరికరం) ఉన్న ఒక పెద్దాయనను పిలిపించాం. ఆయన మెయిన్ దించి, ప్లగ్గులన్నీ తీయించి, డీబీ బాక్సులో, అంటే ఎంసీబీలుండే పెట్టెలో, న్యూట్రల్ తీగలను ఒక్కొక్కటే విప్పి ఎర్త్‌తో కొలిచారు. మేడ మీదికి వెళ్లే తీగ దగ్గర సున్నా చూపించింది, అంటే అది ఎర్త్‌ను తాకుతోందన్నమాట. మెట్ల గది గోడకున్న దీపం అది. బల్బు ఎప్పుడో మాడిపోయింది, దాని స్విచ్ వేసేవారే లేరు. వెనకున్న ఇనుప పెట్టెలోకి వాననీరు దిగి, అతుకు మీది టేపు ఊడి, న్యూట్రల్ ఆ పెట్టెను అంటుకుని ఉంది. అతుకు మళ్లీ వేసి, తడి దిగని పెట్టె పెట్టారు. పాత ఆర్‌సీసీబీ ఇప్పటికీ అదే, గీజర్ హాయిగా నడుస్తోంది.

నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, వైరింగు పని చేసే చాలామంది సంచిలో టెస్టర్ తప్ప కొలిచే పరికరం ఉండదు. ఇన్వర్టర్ పెట్టేవాళ్లు మరీ అన్యాయం. ఆర్‌సీసీబీ దాటాక ఉన్న న్యూట్రల్‌ను దానికి ముందున్న న్యూట్రల్‌తో కలిపేసి వెళ్లిపోతారు, ఇంటివాళ్లు పడరాని పాట్లు పడతారు. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అదీ చూపించండి. కొత్త ఫ్లాట్లలో సోఫాకూ సీలింగుకూ లక్షలు పోస్తారు, ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కేవాళ్లు ఎందరు?

ఎంసీబీ ఉందిగా, చాలదా అంటారు. చాలదు. 16 ఆంపియర్ల ఎంసీబీ మనిషి ఒంట్లోంచి పారే కరెంటుకు కదలదు. గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. వానాకాలంలో బట్టలారేసే దండెం తీగకు కరెంటు పాకి ప్రాణాలు పోయిన వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం కదా.

మీరు ముందు గీజర్ ప్లగ్గు తీసి, వేరే గదిలో ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి. అప్పుడూ పడిపోతే వానకు తడిసే చోట్ల నుంచి, అంటే గేటు దీపం, బాల్కనీ సాకెట్, మేడ మీది దీపం దగ్గర నుంచి వెతికించండి. డీబీ బాక్సు మాత్రం మీరు విప్పకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచేటప్పుడు మెగ్గర్ ఉందా అని ఫోనులోనే అడగండి, లేదంటే ఇంకొకరికి చేయండి.