జైలింక్స్ పేజీ దిద్దబోయే అమ్మలుకు

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

తెలుగు వికీపీడియాలో జైలింక్స్ కంపెనీ గురించి దిద్దుదామనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టమంటావు అని అడిగావు. ఫోన్లో చెప్పబోతే సగం మాటలు నీ కొడుకు ఏడుపులో కొట్టుకుపోయాయి. అందుకే రాస్తున్నాను.

ముందుగా ఇంట్లో సంగతి. జైలింక్స్‌ని కొనుక్కున్నది ఏఎండీ అనే ఇంకో అమెరికన్ చిప్‌ల కంపెనీ. మన అల్లుడు పనిచేసేదీ ఏఎండీలోనే. నువ్వు ఎంత నిజాయితీగా రాసినా రేపు ఎవరో ఒకరు ఈ ముడి పట్టుకుంటారు. కాబట్టి నీ వాడుకరి పేజీలో ఆ మాట నువ్వే రాసిపెట్టు. అక్షరదోషాలు, పనిచేయని లింకులు నేరుగా దిద్దుకో, ఎవరూ ఏమీ అనరు. పెద్ద మార్పులైతే చర్చ పేజీలో "ఈ వాక్యం ఇలా మార్చవచ్చా, ఆధారం ఇదిగో" అని అడిగి, నాలుగు రోజులు ఆగు. అల్లుడు మాత్రం ఆఫీసు పనిలో భాగంగా దిద్దాడంటే అది డబ్బు తీసుకుని రాసినట్టే లెక్క, ఆ సంగతి బయటికి చెప్పి తీరాలన్నది అక్కడి నియమం. ఇంకో మాట. "మా ఆయన చెప్పారు" అన్నది మూలం కాదు. భోజనాల దగ్గర విన్నది ఎంత నిజమైనా, అచ్చులో ఎక్కడో కనబడేదాకా వ్యాసంలోకి రాకూడదు.

ఇక మొదటి వాక్యం. ఇంగ్లీషు వాళ్ళకి సుఖం, 'ఈజ్' తీసి 'వాజ్' పెడితే కంపెనీ గతంలోకి వెళ్ళిపోతుంది. మనకలా కాదు. "జైలింక్స్ ఒక అమెరికన్ సెమీకండక్టర్ కంపెనీ" అన్నదాంట్లో క్రియే లేదు, ఇక మార్చేదేముంది? ఆ వాక్యం పదేళ్ళ క్రితమూ సరిగ్గానే ఉంది, ఇప్పుడూ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. పాతబడిందని కంటికి తెలియదు. నేనైతే ఇలా రాస్తాను: "జైలింక్స్ 1984లో మొదలై, 2022 ఫిబ్రవరి 14న ఏఎండీ సొంతమైన అమెరికన్ సెమీకండక్టర్ కంపెనీ." తేదీలే ఇక్కడ క్రియ పని చేస్తున్నాయి చూడు. "మూతపడింది" అని మాత్రం రాయకు. ఆ రోజు దుకాణం కట్టేయలేదు, యజమాని మారాడంతే.

వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే సమాచారపెట్టెలోనూ ఇదే చూపు. సీఈఓ గడిలో విక్టర్ పెంగ్ పేరు ఉంటే తీసేయకు, పక్కన "2018 జనవరి నుంచి కొనుగోలు దాకా" అని చేర్చు. "ప్రస్తుతం", "ఇటీవల", "త్వరలో" అనే మూడు మాటలు ఎక్కడ కనబడ్డా తీసి తేదీ పెట్టు. ఈ కొనుగోలు 2021 చివరికల్లా అయిపోతుందన్నారు, చైనా అనుమతి 2022 జనవరిలో గానీ రాలేదు. 2021లో ఎవరైనా "ఈ ఏడాది పూర్తవుతుంది" అని రాసి వదిలేసి ఉంటే, ఆ "ఈ ఏడాది" ఏ ఏడాదో చదివేవాడికి ఎలా తెలియాలి?

అసలు తగాదా వచ్చేది డబ్బు దగ్గర. కొనుగోలు విలువ ఒకచోట 35 బిలియన్ డాలర్లు అని ఉంటుంది, ఇంకోచోట 49 బిలియన్లు అని. రెండోది చూసినవాడు మొదటిది తప్పనుకుని దిద్దుతాడు, మర్నాడు ఇంకొకడు వచ్చి వెనక్కి తిప్పుతాడు. నిజానికి రెండూ ఒప్పే. ఏఎండీ నగదు ఇవ్వలేదు, షేర్లు ఇచ్చింది. ఒక్కో జైలింక్స్ షేరుకి 1.7234 ఏఎండీ షేర్లు అని 2020 అక్టోబర్ 27న ప్రకటించారు. ఆ రోజు ధర ప్రకారం మొత్తం 35 బిలియన్లు. పదిహేను నెలలు దాటి ఒప్పందం పూర్తయ్యేసరికి ఏఎండీ షేరు బాగా పెరిగింది, అదే లెక్క దాదాపు 49 బిలియన్లు తేలింది. కాబట్టి ఒకటి కొట్టేసి ఒకటి ఉంచడం కాదు, "ప్రకటించిన నాటికి", "పూర్తయిన నాటికి" అని రెండూ రాయి. కోట్లలోకి మార్చేటప్పుడు సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకో. 35 బిలియన్లంటే 3,500 కోట్ల డాలర్లు, 350 కోట్లు కాదు. రూపాయల జోలికి అసలు పోకు, ఏ రోజు మారకం రేటు వాడావో చెప్పలేక చస్తావు.

ఆదాయం దగ్గర ఇంకో గుంట ఉంది. జైలింక్స్ 2021 ఆర్థిక సంవత్సరం 2021 ఏప్రిల్ 3తో ముగిసింది, అంటే అందులో ఎక్కువ నెలలు 2020వి. ఏఎండీ లెక్కలేమో డిసెంబర్‌తో ముగుస్తాయి. రెండిటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెడితే చదివేవాడు మోసపోతాడు.

"ప్రపంచంలోనే మొదటి" అన్న మాటకి ఎప్పుడూ పక్కన ఇంకొంచెం కావాలి. 1985లో వచ్చిన వీళ్ళ ఎక్స్‌సీ2064 వాణిజ్యపరంగా నిలబడిన తొలి ఎఫ్‌పీజీఏ. ఆ "వాణిజ్యపరంగా" తీసేస్తే చర్చ పేజీ రణరంగమైపోతుంది. ఎఫ్‌పీజీఏ అంటే ఏమిటో కూడా ఒక ముక్క చెప్పు: ఫ్యాక్టరీ నుంచి వచ్చాక కూడా లోపలి సర్క్యూట్‌ని మనకి కావలసినట్టు మార్చుకోగల చిప్ అని. దానికి కొత్తగా తెలుగు పేరు పెట్టే సాహసం చేయకు. సెమీకండక్టర్‌కైతే అర్ధవాహకం అని పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే, దానికి లింకు ఇవ్వు, కానీ వాక్యంలో సెమీకండక్టర్ అనే రాయి. అర్ధవాహక కంపెనీ అంటే మీ నాన్న సగం లోడు లారీల వ్యాపారం అనుకుంటాడు.

హైదరాబాద్ సెంటర్ గురించి రాయాలని నీకు ఉబలాటంగా ఉంటుంది, నాకూ ఉంటుంది. రాయి. కానీ మొదటి పేరాలో కాదు, దాని చోటులో రెండు వాక్యాలు. కంపెనీ పుట్టింది కాలిఫోర్నియాలో. ముందు దాన్ని స్థాపించిన రాస్ ఫ్రీమన్, బెర్నార్డ్ వాండర్‌ష్మిట్, జేమ్స్ బార్నెట్ రావాలి, తర్వాతే మనం.

కంపెనీ పత్రికా ప్రకటన తెలుగులోకి దించేసి అతికించకు. ఇది నేను చేసిన పనే. ఒక కంపెనీ గురించి, పేరెందుకులే, మూడు రాత్రులు కూర్చుని వాళ్ళ ప్రకటన అనువదించి పెట్టాను. "వినూత్న పరిష్కారాలతో అగ్రగామిగా దూసుకుపోతున్న" అని కూడా రాశాను, సిగ్గులేకుండా. పొద్దున లేచి చూస్తే మొత్తం ఎగిరిపోయింది. కారణం గడిలో రెండే మాటలు: కాపీహక్కులు, ప్రకటన. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తీసేసినతని చర్చ పేజీకి వెళ్ళి అడిగితే, చాలా మర్యాదగా అన్నీ విడమరిచి చెప్పాడు. నీది ఎవరైనా తిప్పేస్తే వెంటనే మళ్ళీ పెట్టకు, అడుగు.

ఇప్పటికి మొదటి వాక్యం, ఆ 35-49 గొడవ, ఈ రెండే ప్రయోగశాలలో, అంటే వికీలో చిత్తుగా రాసుకునే పేజీలో, రాసి ఉంచు. ప్రతి మార్పుకీ దిద్దుబాటు సారాంశం రాయడం మరిచిపోకు. ఆదివారం వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం. అల్లుణ్ణి పిల్లాడితో ఆడుకోమని చెప్పు, కీబోర్డు దగ్గరికి మాత్రం రానివ్వకు.

ఇట్లు,
పెదనాన్న