కింగ్‌స్నేక్‌ను రాచనాగు అనవచ్చా?

సందేహం: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. మా అమ్మాయి తెలుగు బడి పత్రికకు ఇక్కడి కింగ్‌స్నేక్ గురించి వ్యాసం రాసింది. దాన్ని ‘రాచనాగు’ అంది. ‘హాని చేయని ఈ పాము రాటిల్‌స్నేక్ విషానికి రోగనిరోధక శక్తిని కలిగి ఉంటుంది’ అని కూడా రాసింది. తెలుగు సరిగ్గానే ఉందా?

సమాధానం: రాచనాగు అని మాత్రం వద్దమ్మా. ఆ పేరు కింగ్ కోబ్రాది. ఉత్తరాంధ్ర వాళ్లు గిరినాగు అనేది దాన్నే. అది పడగెత్తుతుంది, కరిస్తే మనిషి బతకడం కష్టం. మీ దగ్గరి కింగ్‌స్నేక్ మూడు నాలుగు అడుగుల పాము. పడగా లేదు, విషమూ లేదు. రెండూ తోటి పాముల్ని తింటాయి కాబట్టి ఇంగ్లీషులో రెండింటికీ ‘కింగ్’ తగిలించారు. మనకు నాగు అంటే పడగే. కింగ్‌స్నేక్ నల్లటి ఒంటిమీద తెల్లటి పట్టీలు చూసి కట్లపాము అనుకునేవాళ్లూ ఉంటారు, ఆ కట్లపామూ విషప్పామే. ‘రాజసర్పం’ అనడానికి వ్యాకరణం అడ్డుపడదు గానీ చదివేవాళ్లు మళ్లీ కింగ్ కోబ్రా అనే అనుకుంటారు. హాయిగా కింగ్‌స్నేక్ అనే రాయమనండి. మొదటిసారి వచ్చినచోట ‘పాముల్ని తినే, విషం లేని పాము’ అని చెబితే చాలు.

ఇక రెండో వాక్యం. విషం రోగం కాదు కదా, రోగనిరోధక శక్తి ఎందుకు? ‘రాటిల్‌స్నేక్ విషం దీనికి ఎక్కదు’ అంటే సరిపోతుంది. పల్లెల్లో ఇప్పటికీ అనే మాటే ఇది. పాపకు ఇంకో సంగతి చెప్పండి, వ్యాసంలో తప్పక రాయాలి. కింగ్‌స్నేక్ వాసన తగిలితే రాటిల్‌స్నేక్ మామూలుగా లేచి కాటేయదు. తలను నేలకు ఆనించి, నడిమి ఒంటిని వంతెనలా పైకి లేపి, దాంతో బాదడానికి చూస్తుంది. కోరలు పనికిరావని దానికి తెలిసినట్టే ఉంటుంది! కింగ్‌స్నేక్ దాన్ని కరిచి పట్టుకుని, చుట్టేసి, బిగించి చంపి మింగేస్తుంది. ఇక్కడ ‘కాటేసి’ అని రాయకూడదు. కాటు అంటే విషం స్ఫురిస్తుంది. ‘కరిచి’ అనడమే సరి.

‘హాని చేయని’ అన్న మాట కూడా మార్చాలి. విషం లేకపోవడం, హాని లేకపోవడం ఒకటి కాదు. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనేరియా దీవిలో, పెంపకం నుంచి బయటపడ్డ కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌లు 1990ల చివరి నుంచి విస్తరిస్తూ వచ్చాయి. ఆ దీవికే ప్రత్యేకమైన పెద్ద బల్లుల జాతి ఒకటుంది. ఈ పాములు పాతుకుపోయిన చోట్ల ఆ బల్లులు దాదాపు కనుమరుగయ్యాయి. అందుకని ‘హాని చేయని’ కొట్టేసి, అక్కడ ‘విషం లేని’ అని రాయించండి.